మార్చి యిచ్చిన ఫోను కూడ మండినపుడు

కొనిన వస్తువు చెడిపోయినపుడు, మారు మాటాడక దానిని మార్చి యిచ్చెడి వర్తకునిమీద మనకు కోపముండదు. పైపెచ్చు గౌరవము కలుగును. కాని మార్చి యిచ్చిన వస్తువు కూడ అదే విధముగ చెడిపోయినచో ఏమగును? దక్షిణ కొరియాకు చెందిన శాంసంగ్ సంస్థకు 2016లో ఎదురైన చిక్కు ఇదియే.

ఆ యేడు ఆగస్టు 19న సంస్థ గెలాక్సీ నోట్ 7 అను ఫోనును విడుదల చేసెను. కొలది దినములకే కొన్ని ఫోనులు కాలిపోయినవని వార్తలు వచ్చినవి. సెప్టెంబరు 2న సంస్థ అమ్మకము నాపి, సుమారు 25 లక్షల ఫోనులను వెనుకకు తీసికొందుమని ప్రకటించెను. జనులు పాతవి యిచ్చి క్రొత్తవి తీసికొనిరి. అక్టోబరు 5న అమెరికాలోని లూయీవిల్ విమానాశ్రయమున, బయలుదేరనున్న విమానములో అట్లు మార్చి యిచ్చిన ఫోనొకటి పొగలు చిమ్మగా ప్రయాణికుల నందరిని దింపివేసిరి. వారము తిరుగకముందే, అక్టోబరు 11న, సంస్థ ఆ ఫోను తయారీనే మానుకొనెను.

లోపమంతయు బ్యాటరీలో నున్నది. అందు పూత పూసిన పలుచని లోహపు రేకులు రెండు, ఒకటి ధనధ్రువము, ఒకటి ఋణధ్రువము, ఉండును. రెండును ఒకదాని నొకటి తాకకుండ నడుమ మిక్కిలి సన్నని పొర నుంచి, అన్నిటిని చాపవలె చుట్టి, అదిమి, సంచిలో బిగింతురు. పొర చిరిగినచో విద్యుత్తు అడ్డదారి పట్టి వేడి పుట్టించును. లోపలి ద్రవము మండెడి స్వభావము కలది; ఇక చెప్పనేల?

సంస్థ 700 మంది నిపుణులను నియమించి, 2 లక్షల ఫోనులను, 30 వేల విడి బ్యాటరీలను పరీక్షింపజేసి, 2017 జనవరి 23న ఫలితములను వెల్లడించెను. మొదటి ఫోనులలోని బ్యాటరీకి సంచి మూల ఇరుకై, అచ్చటి రేకు వంగిపోయినది. మార్చి యిచ్చిన ఫోనులలో వేరొక తయారీదారుని బ్యాటరీ యున్నది. దానికి అతుకు పెట్టినచోట మిగిలిన మొనలు పొరను చీల్చినవి. కొన్నింటికి అచ్చట అంటింపవలసిన రక్షణపట్టీయే లేదు! రెండును వేరువేరు లోపములు. మొదటి తయారీదారుని తప్పు పట్టుకొన్న సంస్థ, రెండవ వానిని నమ్మి తొందరపడినదని మేము తలచుచున్నాము.

ఈ తొందర మరింత వింతగ తోచును. ఏలయన, 1995లో గుమి పట్టణపు కర్మాగారమున, నాసిరకముగ తయారైన సుమారు లక్షన్నర ఫోనులు మున్నగు వస్తువులను పనివారి యెదుటనే తగులబెట్టించిన సంస్థ ఇదియే. ఛైర్మను లీ కున్ హీ ఆజ్ఞయది.

మన దేశమున నోట్ 7 అమ్మకము మొదలేకాలేదు. అయినను 2016 సెప్టెంబరులో పౌర విమానయాన అధికారులు దానిని విమానములో వాడరాదనిరి. ఎన్నియో దేశములలో విమాన సిబ్బంది ఫోను పేరు చెప్పి మరీ హెచ్చరించిరి. ప్రకటనలు చదువుట వృత్తిగా గల మేము చెప్పుచున్నాము: ఏ వర్తకుడును కోరని ప్రకటన యది.

2017 జూలైలో సంస్థ మిగిలిన ఫోనులను సరిచేసి, నోట్ ఫ్యాన్ ఎడిషన్ అను పేర కొరియాలో అమ్మకమునకు పెట్టెను. బ్యాటరీ సామర్థ్యమును మాత్రము 3500 మిల్లీయాంపియర్ గంటలనుండి 3200కు తగ్గించెను.