రిజిస్టరు పెండ్లికి తగిన గది

రిజిస్టరు పెండ్లి యనగానే మన పల్లెలలో ఒక మాట వినబడును: "కచేరికి పోయి సంతకాలు చేసి వచ్చినారు, అదేం పెండ్లి?" అని. ఆ మాట పుట్టుటకు కారణము లేకపోలేదు. పందిరి లేదు, మేళము లేదు, బంతి లేదు. కన్నులార చూచినవారు పదిమందికి మించరు. తక్కిన ఊరంతయు ఆ పెండ్లిని ఫొటోలోనే చూడవలసి యున్నది. ఆ ఫొటోలో వధువు ముఖము నల్లని మచ్చయై, సాక్షుల తలలు సగము తెగియున్నచో, "అదేం పెండ్లి" యను మాటయే నిలిచిపోవును. కులములు వేఱైన జంటల విషయమున ఇది మఱింత బరువైన సంగతి. ఇరువైపుల పెద్దలు ప్రక్కన నిలిచిన పటము ఒకటి ఇంటి గోడకు వ్రేలాడుచుండగా, ఆ పిల్లను తేలికచేసి మాటాడుటకు ఎవరికిని అంత సులువుగా నోరు రాదు. అందుచేతనే గదిని ఎన్నుకొను పని ఫొటోలు తీయువానికి విడిచిపెట్టదగినది కాదనియు, పెద్దలు తామే పోయి చూడవలసినదనియు నా తలంపు.

చట్టము మాట కొంచెము చెప్పుకొనవలయును. 1872లో వచ్చిన చట్టము ప్రకారము పెండ్లియాడువారు తాము హిందూ, ముస్లిము, క్రైస్తవాది మతములలో దేనిని అవలంబించువారము కామని ప్రకటింపవలసి యుండెను. 1923లో అది కొంత సడలినది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము ఆ నిర్బంధమును పూర్తిగా తొలగించినది. ఇప్పుడు వరునికి 21, వధువునకు 18 ఏండ్లు నిండియుండవలయును. ఇరువురిలో ఒకరైనను 30 దినములకు తక్కువ గాకుండ ఆ వివాహాధికారి ప్రాంతమున నివసించియుండి నోటీసు ఇయ్యవలయును. దానిని కచేరిలో నలుగురికి కనబడుచోట అంటింతురు. 30 దినములలో చట్టము ఒప్పుకొను ఆక్షేపణ రాకున్న పెండ్లి జరుగవచ్చును. నోటీసు ఇచ్చి 3 నెలలు దాటినచో మఱల మొదటికి వచ్చినట్లే. కాబట్టి మొదటి నెలలోనే గది చూచుకొనుట మేలు.

చాలమంది ఎఱుగని సంగతి ఆ చట్టపు 12వ సెక్షనులో నున్నది. పెండ్లి కచేరిలోనే జరుగవలయునను నియమము లేదు. కచేరికి సమంజసమైన దూరములో వధూవరులు కోరినచోట, అదనపు రుసుము చెల్లించి, నిబంధనలకు లోబడి జరుపుకొనవచ్చును. పద్ధతియు వారి ఇష్టమే. తాళి కట్టుకొనవచ్చును, దండలు మార్చుకొనవచ్చును. అయితే అధికారి యెదుటను, ముగ్గురు సాక్షుల యెదుటను, తమకు తెలిసిన భాషలో, ఒకరినొకరు చట్టసమ్మతముగా భార్యగను భర్తగను స్వీకరించుచున్నామని పలుకవలయును. ఆ మాట పలుకనిది పెండ్లి పూర్తికాదు. తరువాత ధ్రువపత్రముపై ఇరువురును, ముగ్గురు సాక్షులును సంతకములు చేయుదురు. ఆ పత్రమే పెండ్లికి తిరుగులేని సాక్ష్యము. ఇంతకుమునుపే గుడిలోనో ఇంటనో పెండ్లి జరిగి, 1955 నాటి హిందూ వివాహ చట్టము క్రింద నమోదు మాత్రమే చేయించుకొనువారికి ఈ గది చింత లేదు. వారి ఫొటోలు అప్పటికే తీసియుందురు.

ఇచ్చట అగ్నిహోత్రము లేదు. ఆ పలికిన క్షణమే పెండ్లి. ఫొటోలో రావలసినది అది. పలుకువాని ముఖము, వినునామె ముఖము, వెనుక ముగ్గురు సాక్షులు, బల్లకావల అధికారి: ఈ ఆర్గురును ఒకే వెలుతురులో కనబడు గది మనకు కావలయును. పూలు, తెరలు, రంగుదీపములు తరువాతి మాట.

వెలుతురు సంగతి ధర్మవరమువారికి నేను చెప్పనక్కఱలేదు. పట్టుచీర కొనువారు దానిని అంగడిలోని దీపము క్రింద చూచి ఊరకుండరు. గడప బయటికి తెచ్చి పగటి వెలుతురున త్రిప్పి చూతురు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగుగా నేసిన చీర మడతలో ఒక తీరుగను, విప్పినపుడు ఒక తీరుగను తోచును. ఆ పరీక్షయే గదికిని చేయుడు. పెండ్లికూతురు కట్టబోవు చీరను తీసికొని, పెండ్లి జరుగబోవు వేళకే ఆ గదికి పొండు. కిటికీలు తెఱచి, చీర నొకరి భుజముపై వేసి, కెమెరాతోనో చేతి ఫోనుతోనో ఒక ఫొటో తీయింపుడు. బయట చూచిన రంగు అందులో వచ్చినదా, గది మంచిది. నెమలికంఠపు రంగు బూడిదరంగైనదా, వేఱొకటి వెదకుడు.

కిటికీ జంట వెనుక నుండరాదు. వెనుక వెలుగు ఎక్కువైన ముందున్న ముఖములు చీకటియగును. నేనెఱిగిన ఒక కుటుంబమున అట్లే జరిగినది. పెద్ద కిటికీ, దాని యావల పచ్చని చెట్టు, చూడముచ్చటగా నున్నదని జంటను, తల్లిదండ్రులను దాని యెదుట నిలిపిరి. ఫొటోలో చెట్టు చక్కగా వచ్చినది, మనుష్యులు నీడలైరి. రెండేండ్లకు పెండ్లికూతురి తల్లి గతించినది. కూతురి పెండ్లిలో ఆమె నిలిచిన ఫొటో అదొక్కటే. కంప్యూటరుపై ఎంత వెలుగు పెంచి చూచినను ఆమె కన్నులు కానరాలేదు.

బల్లను కిటికీ గోడకు అడ్డముగా వేయించిన, వెలుతురు ప్రక్కనుండి వచ్చి ఇటు జంటపైనను అటు అధికారిపైనను సమముగా పడును. ఫొటో తీయువాడు కిటికీకి వీపు పెట్టి నిలువవచ్చును. తూర్పు కిటికీలో ఉదయపుటెండ సూటిగా పడునపుడు ఊచల నీడలు ముఖములపై చాఱలుగా వచ్చును. పలుచని తెల్ల పంచె నొకదానిని కిటికీకి కట్టిన ఆ చాఱలు మాయమగును; దానికి అర్ధరూపాయి ఖర్చు లేదు. ఉత్తరపు కిటికీ వెలుతురు నిలుకడగా నుండును. ఒక విశేషము చెప్పెదను: ఏప్రిలు చివరినుండి ఆగష్టు నడిమి వఱకు మన ప్రాంతమున మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరముననే యుండును. అయినను అంత యెత్తున నుండుటచే చూరు కొంచెము ముందునకు వచ్చియున్న చాలును, ఎండ లోనికి రాదు. వైశాఖ, శ్రావణ మాసముల పెండ్లిండ్లకు ఈ లెక్క పనికివచ్చును.

మన సీమ మట్టిమిద్దెలలో గవాక్షి క్రింద నిలుపుదమని కొందఱందురు. చూచుటకు ఇంపుగా నుండును గాని, నెత్తిపైనుండి పడు వెలుతురునకు కన్నులు గుంటలుగా కనబడును. ముసలివారి ముఖములకు అది మఱియు చెఱుపు. పెనుకొండ వంటి కొండయడుగు ఊళ్లలో కొండకు ఏ ప్రక్క ఇల్లున్నదో చూచుకొనవలయును. కొండ మఱుగు పడిన గదికి సాయంకాలము గడియారము కంటె ముందే వచ్చును.

పట్టణపు కల్యాణమండపములను గుఱించి నా మాట కొందఱికి రుచింపదు. అద్దె హెచ్చు, కిటికీలు తక్కువ. వేయిమందికి కట్టిన చావడిలో పదిమంది నిలిచిన పెండ్లి వెలవెలబోవును. అచ్చట పసుపు బల్బులు, తెల్ల దీపములు కలిసి వెలుగుచుండిన ముఖము ఒక చెంప పసుపుగను, ఒక చెంప నీలముగను వచ్చును. పగలైనచో బల్బుల నార్పించుటయే మందు. ట్యూబులైట్లు మన కరెంటుపై సెకనుకు 100 మాఱులు మినుకును. కంటికి తెలియదు గాని, మిక్కిలి వేగముగా తీసిన ఫొటోలో నల్లని పట్టెలు పడవచ్చును. బయట షామియానా వేయుదురేని దాని గుడ్డ తెల్లనిదై యుండవలయును. ఎఱ్ఱ గుడ్డ క్రింద అందఱును జ్వరపడినవారివలె నుందురు. నీలి గుడ్డ మాట చెప్పనే వలదు.

గోడ రంగునకును ఇదే న్యాయము. ఆకుపచ్చ గోడ ప్రక్కన నిలిచినవాని చెంపకు ఆ పచ్చదనము అంటుకొనును. మిక్కిలి తెల్లని గోడయు ఇబ్బందియే. కెమెరా ఆ తెలుపును తగ్గింపబోయి మన చామనచాయ ముఖములను ఇంకను నలుపు చేయును. లేత గంధపు రంగు అన్నిటికంటె మేలు. పైకప్పు మాత్రము తెల్లగా, తొమ్మిది పది అడుగుల యెత్తున నుండిన, ఫ్లాషును పైకప్పుకు కొట్టి మెత్తని వెలుగు క్రిందికి దింపవచ్చును. ఎత్తైన పెంకుల కప్పు ఆ వెలుగును మ్రింగివేయును. ఫ్లాషు సూటిగా కొట్టిన జరీ అంచు తెల్లని మరకయై పోవును. నెలల తరబడి మగ్గముపై వంగి వేసిన బుటా ఒక్క మెఱపులో చెఱిగిపోవుట చూడ నాకు కష్టముగా నుండును.

ఇక కొలత. అధికారి, వధూవరులు, సాక్షులు ముగ్గురు, ఇరువైపుల తల్లిదండ్రులు: పదిమంది. మనిషికి అడుగున్నర చొప్పున ఒకే వరుసకు 15 అడుగులు. ఫొటో తీయువాడు కనీసము అంత దూరమైనను వెనుకకు పోగలగవలయును. లేనిచో విశాలపు లెన్సు వాడును. అప్పుడు కొసల నిలిచినవారు అడ్డముగా సాగి కనబడుదురు. మన మర్యాద ప్రకారము కొసల నిలుచునది ఎవరు? పెద్దలే. చిన్న గది తప్పనిచో రెండు వరుసలు చేసి, పెద్దలను ముందు కుర్చీలలో కూర్చుండబెట్టుడు.

కచేరిలోనే జరుపుకొనువారు బెంగపడ పనిలేదు. గది యెట్టిదైనను, అధికారిని ముందుగా మర్యాదగా అడిగి, బల్ల నొక మూర కిటికీవైపు జరుపుకొనుటకును, ఫొటో తీయుటకును అనుమతి పొందవచ్చును. ఆనాడు అచ్చట భూముల రిజిస్ట్రేషనుకు వచ్చిన జనము నిండియుందురు గనుక, రద్దీ తక్కువైన వేళ ఏదో కనుగొని రండు.

హిందూపురపు పిల్లలు లేపాక్షిలో పెండ్లి చేసికొందు మందురు. అది పదిహేను కిలోమీటర్ల లోపే గనుక వారి కోరిక సహజమే. శివపార్వతుల కల్యాణమునకై చెక్కనారంభించి, పూర్తిచేయక విడిచిన మండపము అచ్చట నున్నది. పైకప్పు లేని ఆ స్తంభముల నడుమ ప్రొద్దు వాలునపుడు వెలుతురు చాల బాగుండును. కాని అది పురావస్తు శాఖవారి రక్షణలోని కట్టడము. అనుమతి లేనిదే కెమెరా ముక్కాలిపీటయు, దీపములును నిలుపరాదు. సంతకములు ఊరిలో మంచి కిటికీ యున్న గదిలో ముగించుకొని, భోజనములైన పిమ్మట నాలుగు గంటలకు అచ్చటికి బయలుదేరుడు. సాక్షులను కూడ వెంటబెట్టుకొని పొండు.