లాప్‌టాప్ వేడికి లేపనము

వాల్వు రేడియో ఉన్న ఇండ్లలో పెరిగినవారికి ఒక నియమము ఇప్పటికిని గుర్తుండియుండును: పెట్టెను గోడకు ఆనించి పెట్టరాదు. వెనుక అట్టకున్న రంధ్రముల గుండ వేడి బయటికి పోవలెను. ఆ రంధ్రములకు అడ్డముగా ఎవరైన తువాలు ఆరవేసినచో ఇంటి పెద్ద కేకలు వేసెడివాడు. వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చిన పిమ్మట ఈ జాగ్రత్తను చాలవరకు మరచితిమి. ఇప్పుడు ఇంటింట ఉన్న లాప్‌టాప్ దానిని మరల జ్ఞప్తికి తెచ్చుచున్నది. ముఖ్యముగా ఎనిమిది పదేండ్లు వాడిన లాప్‌టాప్.

మా సంగతియే చెప్పెదము. క్రిందటి వేసవిలో దంపుడు పాటలు రికార్డు చేయుటకు ఒక పల్లెకు వెళ్ళితిమి. ఎనుబది ఏండ్లు దాటిన ఒక అవ్వ పాడుటకు అంగీకరించినది. మైకు ముందు ఆమె, నాలుగడుగుల దూరములో మా పాత లాప్‌టాప్. మూడవ పాట నడుచుచుండగా లోపలి ఫ్యాను హోరెత్తినది. ఆ హోరు మైకులోనికి పోవుచున్నదని మాకు తెలియుచునే యున్నది. కాని పాటను ఆపుటకు మనసొప్పలేదు. మరి రెండు నిమిషములకు తెర నల్లబడి యంత్రము తనంత తానే ఆగిపోయినది. ఆ పాటకు అప్పటివరకు చేరిన రికార్డింగు కూడ పోయినది. యంత్రము చల్లారిన తరువాత అవ్వ మరల పాడినది కాని, మొదటిసారి ఆమె తలపునకు వచ్చిన రెండు చరణములు రెండవసారి రాలేదు. “పోనీలే నాయనా, ఎప్పుడో గుర్తొస్తాయిలే” అని ఆమెయే మమ్ములను ఓదార్చినది.

తిరిగి వచ్చి ఒక దుకాణములో చూపితిమి. యంత్రమును తెరువకయే “బోర్డు పోయింది సార్, కొత్తది తీసుకోండి” అన్నారు. బోర్డు పోలేదు. ప్రాసెసర్‌కును, దాని వేడిని లాగు రాగిపలకకును నడుమ పూసిన చిటికెడు లేపనము ఎండిపోయినది. అంతే. దీనిని థర్మల్ పేస్టు అందురు. దానిని మార్చుటకు మాకు ఒక ఆదివారపు మధ్యాహ్నము పట్టినది.

ఇంత స్వల్ప పదార్థముపై అంత పెద్ద యంత్రము ఎందుకు ఆధారపడినదో మొదట చూతము. 2011లో ఇంటెల్ విడుదల చేసిన కోర్ ఐ5-2520ఎం అను ప్రాసెసర్ ఆనాటి లాప్‌టాప్‌లలో విరివిగా కనబడును. దాని సిలికాన్ ముక్క వైశాల్యము 149 చదరపు మిల్లీమీటర్లు. అనగా బొటనవ్రేలి గోరు కంటె మించదు. పూర్తిగా పనిచేయునప్పుడు దాని నుండి వెలువడు వేడి 35 వాట్లుగా లెక్కించినారు. ముప్పదియైదు వాట్లనగా చిన్న బల్బు గదాయని తోచవచ్చును. కాని బల్బు వేడి విశాలమైన గాజుబుడ్డిపై పరచుకొనును; ఇక్కడ అది గోరంత చోటునుండి రావలెను. చదరపు సెంటీమీటరుకు 23 వాట్లు. ఇంటిలోని ఇస్త్రీపెట్టె అడుగుభాగములో అంతే చోటునుండి వచ్చునది నాలుగైదు వాట్లే. ఇస్త్రీపెట్టెకు బట్ట తగులకున్న ఏమగునో మన గృహిణులకు చెప్పనక్కరలేదు.

కనుక ఆ వేడిని పుట్టినది పుట్టినట్లే లాగివేయవలెను. ప్రాసెసర్ మీద రాగిపలక కూర్చుండును. దానికి అతికిన చదునైన రాగిగొట్టము వేడిని యంత్రము అంచునకు మోసికొనిపోవును. ఆ గొట్టములో కొంచెము ద్రవము ఉండును. వేడి కొసన అది ఆవిరియై, చల్లని కొసకు పోయి నీరై, మరల వెనుకకు వచ్చును. ఎసటిగిన్నె మూత లోపలివైపున బొట్లు కట్టుట ఎరిగినవారికి ఇందులో వింత లేదు. చల్లని కొసన రేకుల వరుస, దాని ప్రక్కన ఫ్యాను. ఏర్పాటు చక్కనిదే. చిక్కంతయు మొదటి మెట్టులో, సిలికాన్ రాగిని తాకు చోట ఉన్నది.

రెండు పలకలు ఎంత నునుపుగా ఉన్నను, సూక్ష్మముగా చూచినచో వానిపై మిట్టపల్లములు కనబడును. ఒకదానిపై ఒకటి పెట్టినప్పుడు మిట్టలు మాత్రమే తాకును. పల్లములలో గాలి నిలిచిపోవును. వేడిని ప్రసరింపజేయు సామర్థ్యమును శాస్త్రజ్ఞులు కొలుచు లెక్కలో రాగిది సుమారు 400, సిలికాన్‌ది 150 దరిదాపు, కదలని గాలిది 0.026. మంచి లేపనములది 4 నుండి 10 వరకు. ఈ నాలుగు అంకెలను పాఠకులు ఒక్కసారి మరల చదువ ప్రార్థన. లేపనము గాలికంటె రెండువందల రెట్లు మేలు. కాని రాగికంటె ఎనుబది రెట్లు కీడు. లేపనము చల్లబరచు మందు కాదు. గాలిని వెళ్ళగొట్టి ఆ పల్లములను నింపుటయే దాని పని. ఎక్కువ పూసినచో ఎక్కువ చల్లదనమని పలువురు తలంతురు, అది పొరపాటు. పైని ప్రాసెసర్‌నే తీసికొని, సామర్థ్యము 5 ఉన్న లేపనముతో లెక్క కట్టి చూచితిమి. పొర మందము 0.05 మిల్లీమీటరు ఉన్నప్పుడు దాని రెండు వైపుల నడుమ తేడా రెండు మూడు డిగ్రీలే. మందము 0.3 మిల్లీమీటరు అయినచో తేడా 14 డిగ్రీలు. లేపనమునకు బదులు 0.05 మిల్లీమీటరు గాలిపొరయే ఉన్నచో లెక్క 400 డిగ్రీలు దాటును! నిజమునకు అంతదూరము పోదు. ఈ ప్రాసెసర్‌కు విధించిన హద్దు 100 సెంటీగ్రేడు డిగ్రీలు. ఆ హద్దు చేరగానే అది తన వేగమును తానే తగ్గించుకొనును, అప్పటికిని తగ్గకున్న ఆగిపోవును. మా తెర నల్లబడుట ఆత్మరక్షణయే.

రేడియో మెకానిక్కులకు ఈ విద్య కొత్తది కాదు. ఆంప్లిఫైయరులోని పవర్ ట్రాన్సిస్టరును అల్యూమినియము రేకుకు బిగించుటకు ముందు నడుమ అభ్రకపు బిళ్ళను పెట్టి, ఇరువైపుల తెల్లని జిడ్డు పూయుదురు. జింక్ ఆక్సైడు పొడిని సిలికోన్ నూనెలో కలిపి చేయు ఆ జిడ్డు థర్మల్ పేస్టుకు అన్నగారనవచ్చును.

మరి అది ఏల ఎండును? కారణములు రెండు. నిత్యము వేడి తగులుటచే లేపనములోని నూనె మెల్లమెల్లగా విడిపోయి అంచులకు చేరును. మిగిలిన పొడి సున్నపు పెళ్ళవలె పగులును. రెండవది అంత ప్రసిద్ధము కాదు. వేడికి రాగి సాగినంతగా సిలికాన్ సాగదు. రాగి సాగుదల ఆరు రెట్లు హెచ్చు. యంత్రమును వెలిగించి ఆర్పినప్పుడెల్ల ఆ రెండును కొంచెము ఒరసికొని లేపనమును నడుమనుండి వెలుపలికి నెట్టును. మేము విప్పి చూచినప్పుడు నడుమ రాగి బట్టతలవలె మెరయుచున్నది, అంచుల చుట్టును బూడిదరంగు కట్ట.

అయితే వేడెక్కిన ప్రతి లాప్‌టాప్‌కును రోగము ఇదియే కాదు. మొదట దుమ్మును అనుమానింపవలెను. ఫ్యానుకును రేకులకును నడుమ దుమ్ము పేరుకొని కంబళి ముక్కవలె తయారగును. తేడా కనిపెట్టుటకు చేయి చాలు. యంత్రము హోరెత్తినప్పుడు గాలి వెడలు చోట అరచేయి ఉంచుడు. గాలి కొద్దిగా వచ్చుచు, వచ్చినది మిక్కిలి వేడిగా ఉన్నచో దుమ్ము అడ్డుపడినదన్నమాట. గాలి ధారాళముగా వచ్చుచు గోరువెచ్చగానే ఉండి, లోపల ప్రాసెసర్ మాత్రము పని మొదలిడిన కొన్ని క్షణములలోనే తొంబది డిగ్రీలు దాటినచో, వేడి రాగివరకు చేరుటలేదని గ్రహింపవలెను. అప్పుడు లేపనమును అనుమానింపవచ్చును. లోపలి ఉష్ణోగ్రతను చూపు సాఫ్ట్‌వేర్లు ఉచితముగానే లభించును. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో అట్టిది. పరుపు మీద యంత్రమునుంచి పనిచేయు అలవాటు ఉన్నవారు మొదట దానిని బల్లమీదికి మార్చి చూతురుగాక. మా మేనల్లుని లాప్‌టాప్ జబ్బు అంతటితోనే కుదిరినది.

ఇక విప్పుట. ముందు రోజే మీ ఫైళ్ళను వేరొకచోట భద్రపరచుకొనుడు. ఈ మాటను మేము అనుభవముతో చెప్పుచున్నాము. యంత్రమును ఆపి, కరెంటు తీగ తీసి, బ్యాటరీని వేరుచేయవలెను. బ్యాటరీ లోపల ఉండు నమూనాలలో అడుగు పలకను తెరచిన వెంటనే చేయవలసిన మొదటి పని దాని కనెక్టరును ఊడదీయుట. బ్యాటరీ ఉబ్బియున్నచో అక్కడనే ఆగి తెలిసినవారికి అప్పగింపుడు; దానిని గుచ్చినను వంచినను నిప్పు పుట్టును. నైలాను చీర, తివాచీ, పొడిగాలి ఈ మూడును కూడినచోట ఈ పని పెట్టుకొనరాదు. ఒంటిలోని స్థిరవిద్యుత్తు పోవుటకు ముందుగా ఒక పెద్ద ఇనుప వస్తువును తాకవలెను.

మరల విషయములన్నిటికంటె ఎక్కువ తిప్పలు పెట్టునవి మరలే. చూచుటకు ఒక్కటిగా ఉండి పొడవులో వేరుగా ఉండును. పొట్టి మర చోట పొడవు మరను బిగించినచో అది పైకప్పును పొడుచుకొని వచ్చును. మేము ఒక అట్టమీద యంత్రము అడుగుభాగము బొమ్మ గీసి, తీసిన మరను తీసినచోటనే గుచ్చితిమి. ఫోనుతో ఫోటోలు తీసికొనుట ఇంకను సులువు. రెండును చేసినవారు ధన్యులు.

రాగిపలకను బిగించిన మరల ప్రక్కన తరచుగా 1, 2, 3, 4 అని అంకెలు ఉండును. విప్పునప్పుడు వెనుకనుండి ముందునకు, ఒక్కొక్కటి కొంచెము కొంచెముగా వదులు చేయవలెను. పలక అంటుకొని రానిచో స్క్రూడ్రైవరుతో పెకలింపరాదు. పైన కప్పులేని సిలికాన్ గాజువంటిది. అంచు చిట్లినచో దుకాణమువారి మాటయే నిజమగును. రెండు చేతులతో పట్టి ఇటునటు మెల్లగా త్రిప్పినచో ఊడివచ్చును. విప్పుటకు ముందు పది నిమిషములు యంత్రమును నడిపి వెచ్చచేసినచో మరింత సులభము.

పాత లేపనమును తుడుచుటకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు మేలు. 90 శాతమునకు పైబడినది కొనుడు. గోళ్ళ రంగు తీయు ద్రవము, కిరసనాయిలు పనికిరావు. కళ్ళజోడు తుడుచు గుడ్డవంటి నూగు రాలని గుడ్డ కావలెను. తుడిచిన చోటును వ్రేలితో తాకరాదు. వ్రేలి జిడ్డు కూడ ఒక పొరయే. ఈ సందర్భముననే ఫ్యాను దుమ్మును కుంచెతో దులుపవలెను. నోటితో ఊదినచో తుంపరలు పడును. గాలి పంపుతో ఊదువారు ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టియుంచవలెను. లేకున్న అది విపరీతముగా తిరిగి చెడును.

కొత్త లేపనము ఎంత? గోరంత సిలికాన్‌కు ఒక బియ్యపుగింజంత. దానిని నడుమ పెట్టి పలకను నిటారుగా దించి, ఈసారి అంకెల వరుసలో, ఒక్కొక్క మరను కొంచెము కొంచెముగా బిగింపవలెను. ఒత్తిడికి అదియే పరచుకొనును. దించిన పలకను మరల ఎత్తి చూచు కుతూహలము కలుగును. ఎత్తినచో గాలి చొచ్చును, తుడిచి మరల పూయవలసినదే. ప్రాసెసర్ ప్రక్కనున్న చిప్పుల మీద రబ్బరువంటి మెత్తని బిళ్ళలు ఉండవచ్చును. అవి పెద్ద సందులను పూడ్చునవి. వానికి బదులు పేస్టు పూయరాదు. చినిగినచో అదే మందముగల బిళ్ళను తేవలెను.

హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలోను, సికింద్రాబాదు పార్క్‌లేన్ కంప్యూటరు దుకాణములలోను పేస్టు గొట్టములు దొరకును. వెండి ఉన్నదను మెరుగు మాటలకు లోబడనక్కరలేదు. విద్యుత్తును ప్రసరింపజేయని మామూలు రకము ఇంటిపనికి చాలును. ద్రవలోహము అను గాలియము మిశ్రమము జోలికి మాత్రము పోవద్దు. అది అల్యూమినియమును తినివేయును, ఒలికినచోట విద్యుత్తును కలుపును. పండ్లపేస్టు పూసి పని జరుపుకొన్నామని చెప్పువారు ఉన్నారు. దానిలోని నీరు ఆరువరకు జరుగును; ఆ తరువాత మొదటి కథయే.

బిగించిన పిమ్మట ఫ్యాను తీగను మరల తగిలించితిమా అని చూచుకొని యంత్రమును వెలిగించితిమి. మునుపు తొంబది దాటు పనికే ఇప్పుడు డెబ్బదియైదు డిగ్రీల దగ్గర నిలిచినది. ఇంత పాతదానికి ఈ శ్రమ ఎందుకని అడుగవచ్చును. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది, 2011 నాటి ప్రాసెసర్‌ను విండోస్ 11 అధికారముగా అంగీకరింపదు. లేపనము ఆ చిక్కును తీర్చదు. మేము లైనక్స్ వేసికొంటిమి. శబ్దమును రికార్డు చేయుటకు, కూర్చుటకు అది చక్కగా చాలుచున్నది.

ఆ వారము స్టూడియోలో తలుపు వేసి, మైకును నాలుగడుగుల దూరమున పెట్టి, అరగంట ఊరకనే రికార్డు చేసితిమి. ఫ్యాను వినబడలేదు, గోడగడియారము వినబడినది. సంక్రాంతి వెళ్ళిన తరువాత అవ్వగారి ఊరికి మరల ప్రయాణము పెట్టుకొంటిమి. పేస్టు గొట్టములో ముప్పాతిక మిగిలియున్నది. మూత గట్టిగా బిగించి స్క్రూడ్రైవరుతో పాటు సంచిలో వేసితిమి.