కరుత్తమ్మ – వనిత – ఆఁడుపిల్ల: శబ్దవిచారము

ఆఁడుశిశువును బురిటిలోనే చంపు దురాచారమును ఇతివృత్తముగాఁ గొని, భారతిరాజా దర్శకత్వమున 1994లో వెలువడిన తమిళ చలనచిత్రము 'కరుత్తమ్మ'. ఆ సంవత్సరపు జాతీయపురస్కారములలో కుటుంబసంక్షేమమునకు సంబంధించిన ఉత్తమచిత్రముగా నెన్నికయైనది. మదుర సీమలోని ఉసిలంపట్టి ప్రాంతమున ఈ దురాచారము కలదని 1986లో పత్రికలు బయలుపఱచినవి. వలదనుకొన్న ఆఁడుశిశువులను జంపక తమకొప్పగింపవలెనని తమిళనాటి ప్రభుత్వము 1992లో సేలము జిల్లాయందు ఊయెలలు కట్టించినది.

చిత్రకథ యిది. ఒక పేదరైతునకు ఇరువురు కూఁతులు. మూఁడవ బిడ్డయు నాఁడుదే యగుటచే మంత్రసానిచేఁ జంపింపఁ దలఁచును. ఒక ఉపాధ్యాయుఁడు ఆ శిశువును దప్పించి పెంచఁగా, ఆమె వైద్యురాలై కాలాంతరమున ఆ తండ్రికే చికిత్స చేయును. అయినను చిత్రమునకుఁ బేరైనది ఆమె కాదు. ఇంట మిగిలిన యక్క కరుత్తమ్మ.

తమిళమునఁ 'గరు' అనఁగా నలుపు. తెనుఁగున కారుచీఁకటి, కారుమబ్బు అనువానిలోని 'కారు' దీని చుట్టమే. కాఁబట్టి కరుత్తమ్మ యనఁగా నల్లమ్మ. నల్లపోచమ్మను గొలుచు తెలంగాణపుఁ బల్లెలకు ఈ పేరు వింత గాదు. అయినను తెనుఁగు చేసినవారు చిత్రమునకు 'వనిత' యని పేరిడిరి. సంజ్ఞావాచకము పోయి జాతివాచకము వచ్చినది. ఒక పల్లెపిల్ల మొగము చెఱిగిపోయినదని దీనిని దూషింపవచ్చును. కాని వ్యుత్పత్తి చూడఁదగినది. సంభక్త్యర్థకమగు వన ధాతువునకు క్తప్రత్యయము చేరి, ఇడాగమమున వనితాశబ్దము సిద్ధించును. ఆదరింపఁబడినది, కోరఁబడినది యని యర్థము. మిక్కిలి యనురాగమునకుఁ బాత్రమైన స్త్రీ యను విశేషార్థమును అమరసింహుఁడు నానార్థవర్గమునఁ జెప్పియున్నాఁడు. ఎవరును గోరని శిశువు కథకు 'కోరఁబడినది' యని పేరు! పెట్టినవారు దీనిని దలఁచియుండరు. తలఁపకయే తగిన పేరు పెట్టిరి.

ఇఁక ఆఁడుపిల్ల యను మాట. బాన్సువాడకుఁ జేరువనున్న బీర్కూరునందును, తక్కిన తెలంగాణమునందును ఆడ, ఈడ యనునవి అక్కడ, ఇక్కడ యను నర్థమున నిత్యము వినఁబడు మాటలు. "ఆడపిల్ల ఆడపిల్లే గాని ఈడపిల్ల కాదు" అను నానుడి వీనిమీఁదనే నిలిచినది. వినువారికి ఇది వ్యుత్పత్తివలెఁ దోఁచును. బడులలో నట్లు చెప్పుటయుఁ గలదు. అది తప్పు. స్త్రీవాచియగు ఆఁడుశబ్దము అర్ధబిందువు గలది. స్థలవాచి 'ఆడ' అది లేనిది. వ్రాఁతలో అరసున్న విడువఁబడిన పిదప రెండును ఒకటిగాఁ గనఁబడుచున్నవి. శ్లేషగా దీనివలన హాని లేదు. నిర్వచనముగా గ్రహించినచో, పుట్టినయింట బిడ్డకుఁ జోటు లేదని భాషయే తీర్పు చెప్పినట్లగును. కరుత్తమ్మ తండ్రి తలంపును ఇట్టిదే: పెంచి, కట్నమిచ్చి, పరుల యింటికిఁ బంపవలసినదానికై వ్యయమేల?

ఈ చిత్రము భ్రూణహత్యను గూర్చినదని కొందఱు వ్రాయుదురు. అమరమున భ్రూణశబ్దమునకు శిశువనియు, స్త్రీగర్భమనియు రెండర్థములు గలవు గావున నిఘంటువునుబట్టి దోషము లేదు. కాని నేఁటి తెనుఁగున నది గర్భస్థమునందే రూఢమైనది. చిత్రమునఁ జంపఁదలఁచినది పుట్టి యేడ్చిన బిడ్డను. ఆఁడుశిశుహత్య యనుటయే యుక్తము.

భ్రూణహత్యాప్రస్తావమున మఱియొక శబ్దము విచార్యము. 'అవిజ్ఞాత'మగు గర్భమును జంపినవానికి బ్రహ్మహత్యాప్రాయశ్చిత్తమును మనుస్మృతి పదునొకండవ యధ్యాయము విధించుచున్నది. ఆఁడో మగయో తెలియనిది యని వ్యాఖ్యానము. అనఁగా మగవాఁడు కావచ్చునను శంకయే యిచట గర్భమునకు రక్ష. ఆఁడుదని తెలిసినచో నీ వాక్యము కాపాడదు. దీనిని గప్పిపుచ్చుట పండితులకుఁ దగదు. చిత్రము వెలువడిన 1994లోనే, పుట్టుటకు ముందు లింగనిర్ణయము చేయుటను నిషేధించు చట్టమును భారత పార్లమెంటు చేసినది. 1996 జనవరి 1 నుండి అది యమలునకు వచ్చినది. ఈ చట్టము గర్భము నవిజ్ఞాతముగానే యుంచుమనును, కాని యెవరికొఱకో కాదు, ఆఁడుబిడ్డకొఱకే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆఱేండ్లలోపు బాలురు వేయిమందికి బాలికలు 1991లో 975 మంది. 2001లో 961 మంది. పుట్టిన పిదపఁ జంపుట తగ్గి, పుట్టకమునుపే చంపుట హెచ్చినచోట మాత్రము భ్రూణహత్య యను మాటయే సరియైనది.