హ్యూస్టన్‌లో జోనింగ్ లేదు, మరి ఇళ్ల మధ్య మెకానిక్ షెడ్డుని ఆపేదెవరు?

మన ఊళ్లలో మాస్టర్ ప్లాన్ మీద ఇది రెసిడెన్షియల్, ఇది కమర్షియల్ అని రంగులు వేసి ఉంటాయి. పాటిస్తామా లేదా అన్నది వేరే ఆర్టికల్! అమెరికాలో నాలుగో పెద్ద నగరమైన హ్యూస్టన్‌లో ఆ రంగులే లేవు. జోనింగ్ కావాలా అని 1948, 1962, 1993లో ఓటు పెడితే మూడుసార్లూ జనం వద్దన్నారు.

అక్కడ ఆ పని చేసేది డీడ్ రిస్ట్రిక్షన్స్. లేఅవుట్ వేసినప్పుడే డెవలపర్ కొన్ని షరతులు రాసి కౌంటీ ఆఫీసులో రికార్డు చేయిస్తాడు. ఒక కుటుంబం ఉండే ఇల్లే కట్టాలి, రోడ్డు నుంచి ఇన్ని అడుగులు వదలాలి, వ్యాపారం పెట్టకూడదు, ఇలా. ఇవి మనిషికి కాదు, స్థలానికి అంటుకుని ఉంటాయి. ఎన్ని చేతులు మారినా కొన్నవాళ్లు కట్టుబడాల్సిందే.

ఎంతైనా ఇది ప్రైవేటు ఒప్పందం కదా. పక్కింటాయన తప్పితే మనమే లాయర్‌ని పెట్టుకుని కోర్టుకెళ్లాలి. హ్యూస్టన్‌లో మాత్రం, 1965లో టెక్సస్ శాసనసభ ఇచ్చిన అధికారంతో, సిటీ లీగల్ డిపార్ట్‌మెంటే కేసు వేయగలదు. అన్నిటికీ కాదు. స్థలం దేనికి వాడుతున్నారు, రోడ్డుకి ఎంత వదిలారు, ప్లాటు సైజెంత లాంటి వాటికే. గోడ రంగు గొడవలు కాలనీవాళ్లే తేల్చుకోవాలి.

మనవాళ్లు బాగా ఉండే షుగర్ ల్యాండ్‌కి ఇది వర్తించదు. అది వేరే సిటీ, దానికి జోనింగ్ ఉంది. కేటీ వైపు చాలా కాలనీలు హ్యూస్టన్ పరిధి బయటే, అక్కడ హెచ్‌ఓఏలదే రాజ్యం.

ఇలాంటి కాగితాల్లోనే ఒకప్పుడు నల్లవాళ్లకి ఇల్లు అమ్మకూడదని కూడా రాసేవారు. 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదంది. ఒప్పందం ప్రైవేటుదే అయినా, కోర్టు అమలు చేస్తే అది ప్రభుత్వం చేసిన పనే అని లాజిక్.

నాకు మింగుడుపడనిది ఇంకొకటుంది. చాలా షరతులకి గడువు ఉంటుంది. కొన్ని వాటంతటవే రెన్యూ అవుతాయి, కొన్నిటికి ఇంటింటికీ తిరిగి ఓనర్ల సంతకాలు తేవాలి. తీరిక, లాయర్ ఫీజు ఉన్న కాలనీలు తెచ్చుకుంటాయి. లేని పాత పేటల్లో గడువు దాటిపోతుంది, ఇక సిటీ లాయర్ వచ్చినా చేతిలో కాగితం ఉండదు. ఆ లాయర్ జీతం మాత్రం ఆ పేటవాళ్ల పన్నులోంచి కూడా వెళ్తుంది.