వార్తల్లో పదం: ప్రీ-మెడ్

అమెరికాలో ఉంటున్న మేనకోడలు ‘ప్రీ-మెడ్’ అనగానే ఇక్కడి చుట్టాలు అదేదో డిగ్రీ అనుకుంటారు. కాదు, అది మెడికల్ కాలేజీకి సిద్ధపడే దారి. మనవాళ్లు ఇంటర్ కాగానే ఎంబీబీఎస్‌లో చేరినట్టు అక్కడ చేరడం అరుదు. ముందు సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ ఉండాలి. చరిత్ర చదివినా, సంగీతం చదివినా అభ్యంతరం లేదు. కానీ బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ ల్యాబులతో సహా గట్టెక్కాలి. ఆర్గానిక్ కెమిస్ట్రీ దగ్గర మనసు మార్చుకునేవాళ్లూ ఉన్నారు. ఆపైన ఎంక్యాట్: విరామాలతో కలిపి సుమారు ఏడున్నర గంటల పరీక్ష, స్కోరు 472 నుంచి 528 దాకా. 2015 నుంచి అందులో సైకాలజీ, సోషియాలజీ కూడా చేరాయి. మన నీట్‌లా ర్యాంకుతోనే సీటు తేలిపోదు. సేవ, పరిశోధన, ప్రొఫెసర్ల సిఫారసు లేఖలు, ఇంటర్వ్యూ, ఆస్పత్రిలో డాక్టరు వెంట తిరిగిన గంటలు కూడా చూస్తారు. తెలిసిన డాక్టరంటూ లేని ఇంటి పిల్లలకు ఈ చివరిది అంత తేలిక కాదు.