14 సెకన్లను లెక్కపెట్టిన ఉక్కు వాచీ

1970 ఏప్రిల్ 13. భూమికి దాదాపు 3.2 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండగా అపోలో-13లో ఆక్సిజన్ ట్యాంకు పేలింది. జిమ్ లోవెల్, జాక్ స్వైగర్ట్, ఫ్రెడ్ హైస్ చంద్రుడిపై దిగాల్సిన చిన్న నౌకలో తలదాచుకుని తిరుగుదారి పట్టారు. కరెంటు ఆదా కోసం అందులోని కంప్యూటరును ఆపేశారు.

ఇంతలో నౌక దారి కొద్దిగా తప్పుతోందని తేలింది. వాతావరణంలోకి మరీ నిటారుగా దిగితే నౌక మాడిపోతుంది. మరీ వాలుగా వస్తే, చెరువు నీటిపై విసిరిన చిల్లపెంకులా ఎగిరి అవతలికి పోతుంది. దారి సరిచేయాలంటే ఇంజన్‌ను 14 సెకన్లు మండించాలి. లోవెల్, హైస్ కిటికీలోంచి భూమిని గురిగా పెట్టుకుని నౌకను నిలకడగా పట్టుకున్నారు. స్వైగర్ట్ తన చేతి వాచీలో సెకన్లు లెక్కపెట్టారు. ఏప్రిల్ 17న ముగ్గురూ పసిఫిక్ సముద్రంలో క్షేమంగా దిగారు.

ఆ వాచీ పేరు ఒమేగా స్పీడ్‌మాస్టర్. 1957లో మార్కెట్లోకి వచ్చిన ఈ ఉక్కు క్రోనోగ్రాఫ్ అంటే వాచీల సేకర్తలకు నేటికీ మోజే. క్రోనోగ్రాఫ్ అంటే స్టాప్‌వాచ్ కూడా కలిసి ఉన్న వాచీ.

లోలకం ఆగిపోయే చోట

గోడ గడియారంలోని లోలకాన్ని ఊపేది భూమ్యాకర్షణ. భారరహిత స్థితిలో అది ఊగదు. చేతి వాచీలో లోలకం బదులు ఒక చిన్న చక్రం, దానికి తగిలించిన సన్నటి స్ప్రింగ్ ఉంటాయి. చక్రం ఒక వైపు తిరిగితే స్ప్రింగ్ వెనక్కి లాగుతుంది. ఈ ఊగిసలాట వేగాన్ని నిర్ణయించేవి చక్రం జడత్వం, స్ప్రింగ్ బిగువు. గురుత్వాకర్షణకు ఇందులో పాత్ర లేదు. అందుకే వాచీ అంతరిక్షంలోనూ నడుస్తుంది. శక్తి అంతా మనం కీ ఇచ్చినప్పుడు చుట్టుకున్న పెద్ద స్ప్రింగ్‌దే.

వేడి మాత్రం వాచీకి శత్రువే. మామూలు ఉక్కు స్ప్రింగ్ వేడెక్కితే బిగువు తగ్గి, వాచీ వెనకబడుతుంది. నికెల్-ఉక్కు మిశ్రమ లోహాల్లో దీనికి విరుగుడు ఉందని చూపిన షార్ల్ ఎడ్వార్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది.

నాసా ఈ వాచీని 71 డిగ్రీల సెల్సియస్ వేడిలో 48 గంటలు, 93 డిగ్రీల్లో 30 నిమిషాలు, మైనస్ 18 డిగ్రీల చలిలో 4 గంటలు ఉంచి చూసింది. గురుత్వానికి 40 రెట్ల కుదుపులకూ గురిచేసింది. 1965 మార్చి 1న మానవసహిత యాత్రలకు పనికొస్తుందని ఆమోదించింది.

బటన్ నొక్కితే

వాచీ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. క్రోనోగ్రాఫ్ ముల్లు మాత్రం విడిగా ఆగి ఉంటుంది. బటన్ నొక్కగానే ఒక చిన్న పళ్ళ చక్రం జరిగి, నడుస్తున్న చక్రాలను ఆ ముల్లుకు జోడిస్తుంది. మళ్ళీ నొక్కితే విడిపోతుంది. ముల్లును సున్నాకు తెచ్చేది హృదయాకారపు బిళ్ళ. దానిపై చిన్న సుత్తి పడితే, ముల్లు ఎక్కడున్నా బిళ్ళ జారి ఒకే చోటికి వచ్చి ఆగుతుంది.

అపోలో కాలపు స్పీడ్‌మాస్టర్‌లో చక్రం సెకనుకు 5 సార్లు టిక్కుమంటుంది. అంటే సెకనులో 5వ వంతు వరకు కొలవగలదు. రోజుకు 10 సెకన్లు తేడా చూపే వాచీ అనుకున్నా, 14 సెకన్లలో వచ్చే తప్పు సెకనులో 600వ వంతే. మనిషి వేలు స్పందించడానికే సుమారు 0.2 సెకన్లు పడుతుంది. అది కూడా 14 సెకన్లలో ఒకటిన్నర శాతం లోపే. ఆ రోజు వాచీ కన్నా నిదానమైనది బొటనవేలే.

1970 అక్టోబర్‌లో ఈ కంపెనీకి వ్యోమగాముల 'సిల్వర్ స్నూపీ' పురస్కారం లభించింది. నేటి చవకైన క్వార్ట్‌జ్ వాచీ కచ్చితత్వంలో స్పీడ్‌మాస్టర్‌ను సునాయాసంగా ఓడిస్తుంది. అందులోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది మరి. అయినా సేకర్తలు లక్షలు పోసి కొంటున్నారంటే, అది సమయం చూసుకోవడానికి కాదు. కరెంటు కరువైన నౌకలో, చేత్తో కీ ఇచ్చిన ఒక స్ప్రింగ్ ముగ్గురి ప్రాణాలకు ఆసరాగా నిలిచిందన్న గుర్తు కోసం.