పాటలు ఎక్కడికీ పోలేదు

ఘంటసాల పాటలు ఏ యాప్‌లోనైనా దొరుకుతాయి. తాతగారు పాడిన నాటక పద్యమో, ఊరి రామాలయంలో టేప్ రికార్డర్‌కెక్కిన హరికథో మాత్రం ఎక్కడా దొరకదు. క్యాసెట్ల నుంచీ సీడీల నుంచీ ఓపిగ్గా కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్న ఇలాంటి నిధిని ఇల్లంతా వినాలనుకునేవారు సాధారణంగా రెండు పరికరాలు వాడతారు. ఒకటి నాస్, అంటే డిస్కులు అమర్చి రూటర్‌కు తగిలించే నిల్వ పెట్టె. రెండోది మ్యూజిక్ సర్వర్. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ మీద వాల్యూమియో, లిరియన్, నావిడ్రోమ్ వంటి సాఫ్ట్‌వేర్ నడుస్తూ, నాస్‌లోని ఫైళ్లను తెచ్చి స్పీకర్లకో ఫోన్లకో అందిస్తుంది. నెలల తరబడి చక్కగా నడిచిన ఈ ఏర్పాటు ఒక రోజు మొరాయిస్తుంది. లైబ్రరీ ఖాళీగా కనిపిస్తుంది, ‘స్టోరేజీకి కనెక్ట్ కాలేదు’ అన్న ఒక్క ముక్క తెర మీద ఉంటుంది. డిస్కు పోయిందేమోనని గుండె గుభేలుమంటుంది, ఆ కంగారులో చేతికందిన సెట్టింగునల్లా మార్చేస్తారు. చాలా సందర్భాల్లో నిజానికి ఏదీ పాడై ఉండదు. రెండు యంత్రాల మధ్య పొత్తు ఎక్కడో ఒకచోట తెగి ఉంటుంది. ఆ చోటు ఊహిస్తే దొరకదు, వరుసగా అడుగుతూ పోతే దొరుకుతుంది.

అడగాల్సినవి నాలుగు ప్రశ్నలు. అపార్ట్‌మెంట్‌లో ఉన్న మన ఇంటికి చుట్టం వస్తున్నాడనుకోండి. దారి తెలియాలి, వాచ్‌మన్‌తో మాట కలవాలి, తానెవరో చెప్పి నమ్మించాలి, చివరికి మన తలుపు తెరుచుకోవాలి. ఈ నాలుగింటిలో ఏది కుదరకపోయినా ఫలితం ఒకటే, చుట్టం లోపలికి రాడు. మ్యూజిక్ సర్వర్ ఇచ్చే సందేశంలోనూ ఈ తేడా చాలాసార్లు కనిపించదు. అందుకే దారి, మాట, గుర్తింపు, అనుమతి అన్న వరుసను పట్టుకోవాలి. దారే లేనప్పుడు పాస్‌వర్డ్ పదిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు. పైగా అప్పటిదాకా సరిగా ఉన్నదాన్ని కూడా చెడగొట్టుకున్నట్టవుతుంది.

దారి సంగతి ముందు చూద్దాం. ఇంట్లో ప్రతి పరికరానికీ రూటర్ ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది. అది శాశ్వతం కాదు. రూటర్ మార్చినా, కరెంటు పోయి వచ్చినా 192.168.1.20గా ఉన్న నాస్ మరో అంకెకు మారిపోవచ్చు. సర్వర్ మాత్రం పాత అంకె దగ్గరే తలుపు తడుతూ ఉంటుంది. రూటర్ సెట్టింగ్స్‌లో నాస్‌కు ఒక అడ్రస్‌ను రిజర్వ్ చేస్తే ఈ బాధ తప్పుతుంది. నాస్‌ను పేరుతో వెతికితే దొరకక, అంకెతో వెతికితే దొరికిందంటే లోపం పేరును అంకెగా మార్చే చోట ఉందన్నమాట. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన పెట్టె ఒకటి, మనం కొనుక్కున్న వైఫై రూటర్ మరొకటి ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. నాస్ ఒకదానికీ సర్వర్ ఇంకోదానికీ తగిలించి ఉంటే, ఒకే గదిలో ఉన్నా అవి వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉండవచ్చు. గెస్ట్ వైఫైలో ఉన్న పరికరమూ అంతే, సాధారణంగా ఇంటి నాస్‌ను చూడలేదు. అడ్రస్ 169.254తో మొదలైతే ఆ పరికరానికి రూటర్ నుంచి అడ్రసే అందలేదని అర్థం. సర్వర్ నుంచి నాస్‌కు పింగ్ చేసి, అంటే పిలిచి పలుకుతుందేమో చూడటం మొదటి పరీక్ష. ఫైర్‌వాల్ పింగ్‌ను అడ్డుకునే వీలుంది కాబట్టి, జవాబు రానంత మాత్రాన దారి లేదని తేల్చేయకూడదు. జవాబు వస్తే మాత్రం దారి ఉందని నిశ్చింతగా రెండో ప్రశ్నకు వెళ్లవచ్చు.

రెండోది మాట కలవడం. అసలు చిక్కంతా ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. ఫైళ్లు పంచుకునేందుకు ఇంటి కంప్యూటర్లు ఎక్కువగా వాడే ప్రోటోకాల్, అంటే యంత్రాలు మాట్లాడుకునే భాష, ఎస్‌ఎమ్‌బి. 1980లలో ఐబీఎంలో పుట్టింది. విండోస్ విస్టాతో దాని రెండో రూపం, 2012లో విండోస్ 8తో మూడో రూపం వచ్చాయి. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల ఆరంభంలో మొదలుపెట్టిన సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వల్ల లినక్స్ యంత్రాలకూ ఇది అబ్బింది. చాలా నాస్ పెట్టెల లోపల ఉండేది ఆ లినక్స్, ఆ సాంబాలే. పదేళ్లు దాటిన నాస్‌లలో కొన్నింటికి మొదటి రూపం తప్ప మరొకటి రాదు. కొత్త సర్వరేమో ఆ మొదటి రూపంలో మాట్లాడనంటుంది. అప్పుడు లినక్స్ ఇచ్చే సందేశం చూడండి: ‘మౌంట్ ఎర్రర్ 112, హోస్ట్ ఈజ్ డౌన్’. నాస్ ఆగిపోయిందని దాని అర్థం. కానీ నాస్ పక్కనే లైట్లు వెలిగించుకుని నిక్షేపంగా ఉంటుంది, పింగ్ చేస్తే పలుకుతుంది కూడా. సందేశాన్ని నమ్మినవాళ్లు కేబుళ్లు మారుస్తారు, కొత్త డిస్కు కొంటారు. వరుస తప్పకుండా వచ్చినవాళ్లకు మాత్రం దారి ఉందని ముందే తెలుసు, కాబట్టి అనుమానం నేరుగా ప్రోటోకాల్ మీదకు వెళుతుంది.

‘నిన్నటిదాకా పనిచేసింది కదా’ అన్న ప్రశ్నకు జవాబూ ఇక్కడే ఉంది. 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని చుట్టేసింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఇబ్బంది పడ్డాయి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది చొరబడింది విండోస్‌లోని ఎస్‌ఎమ్‌బి మొదటి రూపంలో ఉన్న లోపం గుండా. మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే మందు విడుదల చేసినా, వేసుకోని యంత్రాలు చిక్కుకుపోయాయి. ఆ రూపాన్ని వదిలించుకునే పని ఆ తర్వాత ఊపందుకుంది. 2017లోనే లినక్స్ దాన్ని డిఫాల్ట్‌గా వాడటం మానేసింది, విండోస్ 10 కొత్త ఇన్‌స్టలేషన్లలో అది రావడం చాలావరకు ఆగిపోయింది. 2019లో సాంబా 4.11 కూడా డిఫాల్ట్‌గా దాన్ని కట్టేసింది. మనం ఒక రాత్రి మ్యూజిక్ సర్వర్‌ను అప్‌డేట్ చేస్తే ఆ నిర్ణయాలన్నీ ఒక్కసారిగా మన ఇంట్లోకి వస్తాయి. చెడిపోయిందనుకున్నది నిజానికి జాగ్రత్త పెరగడమే.

అలాంటప్పుడు సర్వర్‌లో పాత రూపాన్ని మళ్లీ ఆన్ చేస్తే పోయేదానికి ఇంత చర్చ దేనికి, ఇంటి నాలుగు గోడల మధ్య ఉన్న పాటల పెట్టె మీద ఎవరికి కన్నుంటుంది అని అడగవచ్చు. ఆ చిట్కాతో పాటలు వెంటనే మోగుతాయి, అది నిజమే. అయితే వానాక్రై లాంటివి ఎవరినీ ఎంచుకుని రావు. అదే నెట్‌వర్క్‌లోని ఒక ల్యాప్‌టాప్‌కు పురుగు పడితే చాలు, పక్కనున్న ప్రతి తలుపూ అది తట్టి చూస్తుంది. అప్‌డేట్లు ఆగిపోయిన పాత నాస్‌కు మందు వేసేవారూ లేరు. కాబట్టి ముందు నాస్ సెట్టింగ్స్‌లో రెండో లేదా మూడో రూపాన్ని ఆన్ చేసే వీలుందేమో చూడాలి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటే వేయాలి. అదీ కాకపోతే 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ అనే మరో ప్రోటోకాల్‌ను ప్రయత్నించవచ్చు. ఏదీ కుదరకపోతే పాటలన్నీ ఒక యూఎస్‌బీ డిస్కులోకి కాపీ చేసి నేరుగా సర్వర్‌కే తగిలించడం మేలు.

ఇక గుర్తింపు, అనుమతి అన్న మూడు, నాలుగు ప్రశ్నల దగ్గర ఎక్కువగా వినిపించే అభ్యంతరం, ‘ల్యాప్‌టాప్‌లో ఫైళ్లన్నీ కనిపిస్తున్నాయి, అంటే నాస్ బాగానే ఉంది, తప్పంతా సర్వర్‌దే’ అని. నాస్ బాగుందన్నంత వరకే ఆ వాదన నిలుస్తుంది. ల్యాప్‌టాప్ ఎప్పుడో ఇచ్చిన పాస్‌వర్డ్‌ను దాచుకుని వాడుతూ ఉంటుంది, సర్వర్‌లో ఉన్నది మార్చకముందు పాస్‌వర్డ్ కావచ్చు. విండోస్‌లో మనం పెట్టుకున్న జెడ్ డ్రైవ్ లాగిన్ అయిన మనకు మాత్రమే కనిపిస్తుంది. వెనకాల సర్వీసుగా నడిచే మ్యూజిక్ సర్వర్‌కు అది లేనట్టే, దానికి నాస్ పూర్తి చిరునామా ఇవ్వాలి. పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా వెళ్లే అలవాటును కూడా కొత్త వ్యవస్థలు కట్టడి చేస్తున్నాయి. అందుకే సర్వర్ కోసం నాస్‌లో విడిగా ఒక యూజర్‌ను సృష్టించి, పాటల ఫోల్డర్‌ను చదివే అనుమతి మాత్రం ఇవ్వడం ఉత్తమం. ఇక్కడ లినక్స్ ఇచ్చే ఎర్రర్ నంబర్లు కొంత దారి చూపుతాయి. 13 వస్తే పాస్‌వర్డ్‌నో అనుమతినో చూడాలి, 2 వస్తే షేర్ పేరు తప్పు రాశామేమో చూసుకోవాలి.

రీస్టార్ట్ చేస్తే అదే సర్దుకుంటుందనేవారూ ఉన్నారు. నిజంగానే చాలాసార్లు సర్దుకుంటుంది, కారణం తెలిస్తే రోజూ ఆ పని చేయనక్కర్లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు రెండు పెట్టెలూ ఒకేసారి లేస్తాయి. చిన్న సర్వర్ తొందరగా తయారవుతుంది, డిస్కులున్న నాస్‌కు నిమిషాలు పడతాయి. తొలి ప్రయత్నం విఫలమయ్యాక కొన్ని సర్వర్లు మళ్లీ అడగవు. ఈ స్థితిలో రీస్కాన్ నొక్కడం ప్రమాదకరం. నాస్ అతుక్కోని ఫోల్డర్ సర్వర్‌కు ఖాళీగా కనిపిస్తుంది, పాటలన్నీ తొలగించారనుకుని కొన్ని సర్వర్లు జాబితా తుడిచేస్తాయి. ఫైళ్లకు ఏమీ కాదు గానీ, ఏళ్ల తరబడి కూర్చిన ప్లేలిస్టులు చెల్లాచెదురయ్యే అవకాశం ఉంది. సర్వర్ కాస్త ఆలస్యంగా మొదలయ్యేలానో, అవసరమైనప్పుడల్లా నాస్‌ను అతికించుకునేలానో అమర్చితే రీస్టార్ట్ అవసరమే రాదు.

కాబట్టి లైబ్రరీ ఖాళీగా కనిపించిన రోజున ముందు ఎర్రర్‌ను ఉన్నదున్నట్టు రాసుకోండి. పరీక్షలన్నీ ల్యాప్‌టాప్ నుంచి కాక సర్వర్ నుంచే చేయండి. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి, ఫలితం లేకపోతే దాన్ని మొదట ఉన్నట్టు పెట్టాకే తర్వాతిది ముట్టుకోండి. బయటి నుంచి పాటలు వినాలన్న ఆశతో రూటర్‌లో ఎస్‌ఎమ్‌బి వాడే 445 పోర్టును మాత్రం ఎన్నడూ ఇంటర్నెట్‌కు తెరవకండి. నాస్‌లో రెండు డిస్కులున్నా అది బ్యాకప్ కాదు. మళ్లీ దొరకని ఆ హరికథకు వేరే డిస్కులో ఇంకో కాపీ ఈ వారమే తీసి పెట్టుకోండి.